రోజాలో వైద్యం గురించి నీవు అడిగిన ప్రశ్నకు

అస్సలాము అలైకుమ్ బేటా,

నీ ఉత్తరం అందింది. తమ్ముడికి మధుమేహం, ఉబ్బసం రెండూ ఉన్నాయి గనుక, రంజాన్‌లో ఇన్సులిన్ వేసుకుంటే రోజా (ఉపవాసం) భంగమవుతుందా, ఇన్‌హేలర్ పీల్చుకుంటే భంగమవుతుందా అని అడిగావు. జవాబు రాస్తున్నాను. అయితే వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్నను నీవు అడగలేదు: అసలు తమ్ముడు రోజా ఉండదగిన స్థితిలో ఉన్నాడా? ఏ మందుతో రోజా పోతుందో ముఫ్తీ (మతధర్మ తీర్పు చెప్పే పండితుడు) చెబుతారు, ఏ శరీరం ఉపవాసానికి తట్టుకుంటుందో వైద్యుడు చెబుతాడు. "ఇన్సులిన్‌తో రోజా పోదట" అన్న ఒక్క మాట పట్టుకుని, ఆ మందు ఒంట్లో చేరాక కడుపులో తిండి లేకపోతే ఏమవుతుందో ఆలోచించకుండా ఆపద తెచ్చుకున్నవారిని నా వయసులో చాలామందిని చూశాను.

కాబట్టి రంజాన్‌కు నెల రెండు నెలల ముందే వైద్యుణ్ణి కలవండి. మాత్రలను, ఇన్సులిన్‌ను సహరీకి (తెల్లవారకముందు తినే భోజనం), ఇఫ్తార్‌కు (సూర్యాస్తమయాన ఉపవాస విరమణ) సర్దడం, మోతాదు మార్చడం ఆయన చేయవలసిన పని. మనం సొంతంగా చేయకూడదు. ఉండవద్దని ఆయన అంటే తమ్ముడు దాన్ని ఓటమిగా తీసుకోకూడదు. వ్యాధిగ్రస్తులు ఇతర దినాలలో లెక్క పూర్తి చేసుకోవచ్చని చెప్పిన వాక్యంలోనే, అల్లాహ్ మీకు సౌలభ్యాన్ని కోరుతున్నాడు, కాఠిన్యాన్ని కోరడం లేదని ఉంది (అల్ బఖరా, 185).

ఇక నీ ప్రశ్నలు. సహజంగా ఉన్న ద్వారం గుండా ఏదైనా లోపలికి, కడుపు వరకు చేరడం వల్ల రోజా భంగమవుతుందన్నది మనం పాటించే హనఫీ సంప్రదాయపు ఫిఖహ్ (ధర్మశాస్త్రం)లోని మూలసూత్రం. సూది చర్మాన్నో కండరాన్నో నరాన్నో గుచ్చుకుని వెళుతుంది గనుక ఇన్సులిన్‌తో గాని, టీకాతో గాని, నొప్పి సూదితో గాని రోజా పోదు. సెలైన్, గ్లూకోజ్ ఎక్కించడం దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ సూదులన్నిటినీ అనుమతిస్తూ, పోషకద్రవాలను మాత్రం మినహాయించింది. హనఫీ ముఫ్తీలలో చాలామంది నరం సహజద్వారం కాదు గనుక గ్లూకోజ్‌తోనూ రోజా పోదంటారు. కాని ఆకలి తెలియకుండా ఉండడానికే ఎక్కించుకోవడం మక్రూహ్ (అనుచితం) అంటారు. నిజానికి గ్లూకోజ్ అవసరమైనంత నీరసం వచ్చిన మనిషి రోజా విరమించడమే మేలని నా అభిప్రాయం.

ఇన్‌హేలర్ విషయం ఇంతకంటే చిక్కైనది. మందు సూక్ష్మ కణాల రూపంలో గొంతు దాటి లోపలికి పోతుంది గనుక రోజా భంగమవుతుందని హనఫీ ముఫ్తీలు ఎక్కువమంది చెబుతారు. సౌదీ విద్వాంసులైన ఇబ్ను బాజ్, ఇబ్ను ఉసైమీన్ మాత్రం అది అన్నపానీయాల కోవకు రాదని, రోజా పోదని అన్నారు. జిద్దా సమావేశం మరికొన్నిటితో పాటు ఈ అంశాన్ని కూడా మరింత పరిశోధన కోసం వాయిదా వేసింది. ఇంత భేదం ఉన్నచోట నా సలహా ఇది: ఉదయం, సాయంత్రం క్రమంగా వాడే ఇన్‌హేలర్‌ను వైద్యుడు ఒప్పుకుంటే సహరీ ముగియక ముందుకు, ఇఫ్తార్ తర్వాతకు జరపండి, పగలు ఆయాసం వస్తే మాత్రం ఏ ఫత్వా గుర్తు చేసుకోకుండా వెంటనే వాడించండి. మహా అయితే ఆ ఒక్క రోజాకు ఖజా (తర్వాత బదులుగా ఉండే ఉపవాసం) తీర్చవలసి వస్తుంది. అరవై రోజుల కఫ్ఫారా (పరిహార ఉపవాసం) పడుతుందని మీ ఇంట్లో ఎవరో భయపెట్టారని రాశావు. అది కారణం లేకుండా బుద్ధిపూర్వకంగా రోజాను చెడగొట్టినవారికే గాని, రోగంతో విరమించినవారికి కాదు.

కంటి చుక్కలతో రోజా పోదు. ముక్కులో వేసే చుక్కలతో హనఫీల ప్రకారం పోతుంది. పన్ను తీయించుకోవచ్చు, రక్తం మింగకుండా ఉంటే చాలు; అయినా రాత్రికి వాయిదా వేయగలిగితే మనసు కుదుటగా ఉంటుంది. దానంతటదే వాంతి అయితే రోజా నిలిచే ఉంటుంది.

వేలికొన గుచ్చి చక్కెర చూసుకోవడంతోనూ, రక్తపరీక్షతోనూ ఏమీ కాదు. ప్రవక్త (సఅసం) రోజాలో ఉండి కప్పింగ్ (ఒంటి మీద కప్పులు బోర్లించి రక్తం తీసే వైద్యం) ద్వారా రక్తం తీయించుకున్నారని ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. ఈ సంగతి తెలియక కొన్నేళ్ళ క్రితం నేనే మోసపోయాను. అసర్ (సాయంకాలపు నమాజు) తర్వాత ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణుకుతున్నా, రక్తం చూస్తే రోజా పోతుందన్న భయంతో వేలు గుచ్చుకోక, ఇఫ్తార్‌కు అరగంట ఉందనగా స్పృహ తప్పి పడిపోయాను. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా ఎంత పొద్దు మిగిలి ఉందన్న లెక్క లేకుండా వెంటనే విరమించాలని వైద్యులు చెబుతారు. తమ్ముడు మొండివాడు గనుక, ఆ రెండు అంకెలను కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనబడేచోట పెట్టు.

ఫిద్యా (ఉపవాసానికి బదులు పేదలకు ఇచ్చేది) గురించి కూడా తొందరపడవద్దు. ఇక కోలుకోరని తేలిన రోగులకు, ఉపవాసం చేయలేని వృద్ధులకు అది వర్తిస్తుంది; ఒక రోజాకు ఒక పేదకు అర సా (పాత కొలత) గోధుమలు, అంటే సుమారు 1.6 కిలోలు లేదా వాటి విలువ. ఇచ్చిన తర్వాత ఆరోగ్యం కుదుటపడితే ఖజా తీర్చక తప్పదు. వైద్యుడు ఈ ఏడు వద్దన్నా, పగళ్ళు చిన్నవిగా ఉండే చలికాలంలో వారానికి ఒకటి రెండు చొప్పున ఉండగలడేమో తప్పక అడుగు. ఉండగలడంటే తమ్ముడిది ఖజా లెక్కే అవుతుంది, ఫిద్యా ఊసు అక్కరలేదు.

వైద్యుడు ఏమన్నదీ నాకు రాయి.

నీ పెద్దనాన్న