లుడ్విగ్స్‌హాఫెన్ చరిత్ర అంటే ముందు ఒప్పావ్ గోదాము సంగతి తెలియాలి

అడిగిన ప్రశ్న: "జర్మనీలో రైన్ ఒడ్డునున్న లుడ్విగ్స్‌హాఫెన్‌కి బీఏఎస్ఎఫ్ రసాయనాల ఫ్యాక్టరీ తప్ప వేరే చరిత్ర ఉందా?"

ఉంది, కానీ ఫ్యాక్టరీని వదిలేసి చెప్పడం కుదరదు. మొదట అక్కడున్నది మన్‌హైమ్ నగరానికి అవతలి ఒడ్డున కాపలాగా కట్టిన చిన్న కోట. తర్వాత వర్తకులు సరుకు దింపుకునే రేవైంది. 1843లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ దానికి తన పేరు పెట్టాడు. హాఫెన్ అంటే రేవే. 1840ల చివర్లో రైలు వచ్చి సార్ ప్రాంతపు బొగ్గును నది గట్టుకు చేర్చింది. 1865లో ఎంగెల్‌హార్న్ అనే వ్యాపారి మన్‌హైమ్‌లో బీఏఎస్ఎఫ్ కంపెనీ పెట్టాడు. అక్కడ స్థలం దొరక్క ఫ్యాక్టరీ ఏరు దాటింది. అందుకే పేరులో (మొదటి అక్షరం 'బీ') మన్‌హైమ్ ఉన్న బాడెన్ రాజ్యం, ఫ్యాక్టరీ మాత్రం అప్పటి బవేరియా నేలమీద.

1897లో ఇక్కడి నుంచే కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. మన కడప నీలిమందు 'కుర్పా' అనే పేరుతో ఎగుమతయ్యేది. నీలి రైతు అనగానే చంపారన్ చెప్పి ఆగిపోతాం. ఆ పంటను దెబ్బతీసిన ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉందో చెప్పేవాళ్లు తక్కువ. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఊరికి ఉత్తరాన ఒప్పావ్‌లో 1913లో గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారీ మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ దాదాపు సగం సగం కలిపి ఎరువు చేసేవారు. ఈ మిశ్రమం తేమ పీల్చుకుని గడ్డకడుతుంది. వానాకాలంలో మూతి విప్పి వదిలేసిన యూరియా బస్తా చూసినవాళ్లకి ఈ బాధ తెలుసు. ఇక్కడ బస్తా కాదు, గోదాములో 4,500 టన్నుల గుట్ట. పలుగుతో పొడిస్తే దిగదు. అడుగున తవ్వితే పైనున్నది మనిషి మీద కూలుతుంది. అందుకని గుట్టకు బొక్కలు వేసి, చిన్న మందుపాతర్లు పెట్టి పేల్చి విడగొట్టేవారు. నైట్రేట్ వాటా 60 శాతం దాటకపోతే మిశ్రమం పేలదని ప్రయోగాల్లో తేల్చుకున్నారు. సుమారు 20,000 సార్లు పేల్చినా ఏమీ కాలేదు.

1921 సెప్టెంబరు 21 ఉదయం 7:32కి గుట్ట పేలింది. 90 మీటర్ల వెడల్పు, 125 మీటర్ల పొడవు, 19 మీటర్ల లోతు గొయ్యి పడింది. అధికారిక లెక్కలో 561 మంది చనిపోయారు. ఒప్పావ్ ఇళ్లలో అయిదింట నాలుగు వంతులు పోయాయి. హైడెల్‌బర్గ్‌లో కిటికీ అద్దాలు పగిలాయి, మ్యూనిక్ దాకా చప్పుడు వినిపించింది.

"జర్మన్లు డైనమైట్‌తో ఎరువు తవ్వారు, మూర్ఖులు" అని రాసేవాళ్లని చూస్తే కోపమొస్తుంది. వాళ్లు పరీక్ష చేశారు. తప్పు మరోచోట జరిగింది. ఆ ఏడాది ఎరువును ఆరబెట్టే పద్ధతి మార్చి, ద్రావణాన్ని సన్నగా చిమ్మి ఆరబెట్టడం మొదలుపెట్టారు. తేమ మూడు నాలుగు శాతం నుంచి రెండుకు దిగింది, పొడి తేలికై గుల్లబారింది. పొడిగా, గుల్లగా ఉన్న నైట్రేట్ పేలడానికి ఎక్కువ సిద్ధంగా ఉంటుంది. పైగా గుట్టంతా ఒకేలా కలిసి ఉండదు. కొన్నిచోట్ల నైట్రేట్ వాటా ఎక్కువై ఉంటుంది. పేలింది మొత్తంలో పదోవంతు, సుమారు 450 టన్నులే అన్నది ఈ మాటకు గట్టి ఆధారం. అంటే 20,000 సార్లు పాసైంది పాత సరుకు. కొత్త సరుకుకు ఆ లెక్క వర్తించదు.

ఇంకో చిక్కు: బలహీనమైన పేలుడు పదార్థం గుప్పెడంత ఉంటే నిప్పురవ్వ దగ్గరే ఆరిపోతుంది, గుట్టగా ఉంటే పేలుడు ముందుకు పాకుతుంది. చిన్న నమూనా మీద చేసిన పరీక్ష గోదాముకు హామీ కాదు. రెండు నెలల ముందే, జూలై 26న, క్రీవాల్డ్ అనేచోట రైలు పెట్టెల్లో గడ్డకట్టిన నైట్రేట్‌ను ఇలాగే పేల్చబోతే అది పేలిపోయింది. అయినా ఒప్పావ్‌లో ఆపలేదు. నా దృష్టిలో క్షమించరానిది ఇదొక్కటే.

2020లో బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలినప్పుడు తెలుగులో ఎన్నో వ్యాసాలొచ్చాయి, విశాఖ రేవులో దిగే సరుకు గురించీ రాశారు. ఒప్పావ్ ఊసు మాత్రం నాకు కనిపించలేదు. మన దేశపు 2012 నిబంధనలు నైట్రేట్ 45 శాతం దాటిన మిశ్రమాన్ని కూడా అమ్మోనియం నైట్రేట్‌గానే లెక్కిస్తాయి. ఒప్పావ్ వాళ్లు నమ్ముకున్న 60తో పోల్చి చూడండి.

ఒప్పావ్ 1938లో లుడ్విగ్స్‌హాఫెన్‌లో కలిసింది. 1948 జూలై 28న అదే ఊళ్లో డైమిథైల్ ఈథర్ ఉన్న రైలు ట్యాంకరు పేలి 207 మంది పోయారు. అది వేరే రసాయనం, వేరే కారణం, దానికి ఇంకో జవాబు రాయాలి.