మూసాబూసీ, బుస్సీ దొర, మార్క్వి దె బుస్సీ

సందేహం: బొబ్బిలి యుద్ధం గురించి పిల్లల కోసం ఒక పాఠం రాస్తున్నాను. కథలు చెప్పేవారి నోట 'మూసాబూసీ' అనీ, పాత పుస్తకాల్లో 'బుస్సీ దొర' అనీ, ఈమధ్య రచనల్లో 'మార్క్వి డి బుస్సీ' అనీ కనిపిస్తోంది. మూసా అనేది ముస్లింల పేరు కదా, ఫ్రెంచివాడికి ఎలా వచ్చింది? ఇతణ్ణి 'ఫ్రెంచి రాయబారి' అనవచ్చునా? 'పరాసులు' అంటే పర్షియావారా, ఫ్రెంచివారా? (ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా)

సమాధానం: మూడు పేర్లూ ఒకే ఫ్రెంచి సేనానివి. 'మూసాబూసీ'లోని మూసాకూ, మోషే ప్రవక్త పేరైన మూసాకూ ఏ సంబంధమూ లేదు. ఫ్రెంచివారు మగవారి పేరుకు ముందు 'మొస్యో' అనే గౌరవపదం వాడతారు. దక్కనులో ఆ మాటను విన్నవారు తమకు అలవాటైన మూసా అనే పేరుగా దాన్ని మార్చుకున్నారు. దీనికి తిరుగులేని సాక్ష్యం హైదరాబాదులోనే ఉంది. నిజాం అలీఖాను కొలువులో సేనానిగా ఉండి 1798లో మరణించిన ఫ్రెంచివాడు రేమాఁను ముస్లింలు 'మూసా రహీమ్' అనీ, హిందువులు 'మూసా రామ్' అనీ పిలుచుకున్నారు. ఆ రెండో పిలుపే నేటి మూసారాంబాగ్‌లో నిలిచి ఉంది. ఆ రేమాఁ నిజాం కొలువులో చేరకముందు ఇదే బుస్సీ దగ్గర సహాయాధికారిగా పనిచేసినవాడు కావడం విశేషం. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళె తమిళంలో రాసుకున్న దినచర్యలోనూ ఈ గౌరవపదం 'ముసే' వంటి రూపాల్లోనే కనిపిస్తుంది. (ఆయన మనకు పరాయివాడు కాడు, కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరిటనే వెలయించాడు.)

ఇక 'మొస్యో' అనే మాటను విడదీస్తే 'నా ప్రభువు' అని అర్థం వస్తుంది. మన 'దొర' కూడా అదే కాబట్టి 'మూసాబూసీ దొర' అని రాసినవారు దొరతనాన్ని రెండుసార్లు అంటగట్టినట్టే. జానపదుడు పాడితే అందులో తప్పు లేదు, అతనికి మూసాబూసీ మొత్తం ఒకే పేరు. పాఠం రాసేవారు మాత్రం ఈ రెండింటిలో ఒకదాన్ని వదలవలసిందే. పైగా మీ ప్రాంతంలో 'దొర' అంటే మన్యపు ముఠాదారూ కావచ్చు, జమీందారూ కావచ్చు, తెల్లవాడూ కావచ్చు. బొబ్బిలి కథలో ఈ మూడు రకాలవారూ కనిపించే అవకాశం ఉన్నందువల్ల 'దొర' అని మాత్రమే రాస్తే ఎవరు ఎవరో పిల్లవాడికి తెలియదు.

'మార్క్వి' ఫ్రెంచి కులీనుల బిరుదుల్లో ఒకటి. దాని పక్కనున్న విభక్తి వంటి మాటను ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుని 'డి' అని రాస్తున్నారు కానీ, ఫ్రెంచి దకారం మన 'దయ'లోని దకారం లాగానే పళ్ళను తాకి పలుకుతుంది. ద, డ భేదం సహజంగా ఉన్న భాష మనది కనుక 'దె' అని రాయడమే మేలు. దానికి 'యొక్క, కు చెందిన' అని అర్థం. అంటే 'బుస్సీ' మొదట ఊరి పేరు, తర్వాత మనిషి పేరు అయింది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ నుంచి వచ్చినట్టే. బిరుదు గానీ అసలు పేరు గానీ ముందు లేనప్పుడు ఇలాంటి పేర్లలోని 'దె'ను ఫ్రెంచివారే వదిలేస్తారు. కాబట్టి మొదటి ప్రస్తావనలో 'మార్క్వి దె బుస్సీ' అని ఒక్కసారి రాసి, ఆ తర్వాత 'బుస్సీ' అంటే సరిపోతుంది. 'దె బుస్సీ అన్నాడు, దె బుస్సీ వెళ్ళాడు' అని సాగదీయనక్కరలేదు. ఆయన పూర్తి పేరు షార్ల్ జోజెఫ్ పాతిస్యే. పాతిస్యే అంటే ఫ్రెంచిలో కేకులూ తీపి రొట్టెలూ చేసేవాడు. అంతటి సేనానికి వంటింటి వాసన ఉన్న ఇంటిపేరు దక్కింది! బూసీ, బుస్సీ అన్న రెండు రూపాల్లో ఏది సరైనదంటే, ఫ్రెంచిలోని ఆ అచ్చు మన ఉకారమూ కాదు, ఇకారమూ కాదు. దాన్ని తెలుగు లిపిలో పట్టలేము. ద్విత్వం కూడా రాతలోదే తప్ప పలుకులో లేదు. స్థిరపడిపోయిన 'బుస్సీ'నే ఉంచండి.

మీ ప్రశ్నల్లో నిజంగా ఆలోచించవలసినది 'రాయబారి' అన్న మాట. రాయబారికి పంపినవాడు ఒకడు ఉండాలి, చెప్పి పంపిన మాట ఒకటి ఉండాలి. ఉద్యోగపర్వంలో సంజయుడైనా శ్రీకృష్ణుడైనా ఆ పని మీదే వెళ్ళారు. బుస్సీ నిజాం దగ్గరికి అలా వెళ్ళినవాడు కాడు. ధనం పెద్దగా లేని కులీన కుటుంబంలో పుట్టి, ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేస్తూ, 1750 సెప్టెంబరులో అభేద్యమని పేరుపడ్డ చెంజి కోటను రాత్రికి రాత్రి పట్టుకోవడంతో అతని పేరు మారుమోగింది. 1751 జనవరిలో మొదటి నిజాం మనవడైన ముజఫర్‌జంగ్‌ను హైదరాబాదు సింహాసనం మీద కూర్చోబెట్టడానికి సేనతో పుదుచ్చేరి నుంచి బయలుదేరాడు. దారిలో, రాయచోటి దగ్గరి లక్కిరెడ్డిపల్లె వద్ద, వెంట వచ్చిన పఠాను నవాబులే తిరగబడగా జరిగిన పోరులో ముజఫర్‌జంగ్ హతుడయ్యాడు. అప్పుడు పుదుచ్చేరికి కబురు పంపి జవాబు కోసం కూర్చోకుండా, అదే దండులో బందీగా ఉన్న మొదటి నిజాం కొడుకు సలాబత్‌జంగ్‌ను విడిపించి నవాబుగా ప్రకటింపజేసినవాడు బుస్సీ. రాయబారి అయిన వాడెవడూ ఇలా చేయడు, చేయకూడదు కూడా.

ఆ తర్వాత ఏడేళ్ళూ ఇదే తీరు. సైన్యానికి జీతాలు ఆగిపోతే 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల ఆదాయాన్ని దాని కింద రాయించుకున్నాడు; ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివారి పట్టుకు ఇదే మొదలు. 1756లో దివాను షానవాజ్‌ఖాను ప్రేరణతో సలాబత్‌జంగ్ అతణ్ణి కొలువు నుంచి తొలగించాడు. బుస్సీ ఎదురు చెప్పకుండా సెలవు తీసుకుని, తిన్నగా హైదరాబాదు చేరి చార్‌మహల్‌లో బలగంతో తిష్ఠ వేసి, మచిలీపట్నం వైపు నుంచి అదనపు సేన వచ్చేదాకా నిలదొక్కుకుని, చివరికి నవాబు తనంతట తానే రాజీకి వచ్చేట్టు చేశాడు. ఆ రోజుల్లో దర్బారుల మధ్య మాటలు మోసేవారిని 'వకీలు' అనేవారు; ఆ మాట నేడు కోర్టులకే పరిమితమైంది. బుస్సీ వకీలు కూడా కాడు. నవాబు కొలువులో ఉమ్దతుల్‌ముల్క్ వంటి బిరుదులు పొందిన అమీరు.

ఇక్కడ అక్కరకు వచ్చే మాట 'దౌత్యవేత్త'. రాయబారి అనేది ఉద్యోగాన్ని చెబుతుంది, దౌత్యవేత్త అనేది నేర్పును చెబుతుంది. దూత చేసే పని దౌత్యం, దాని లోతుపాతులు తెలిసినవాడు వేత్త. ఏ పదవీ లేకున్నా ఒకరు దౌత్యవేత్త కావచ్చు. నేర్పు లేకున్నా పదవి వల్ల రాయబారి కావచ్చు. అందువల్ల బుస్సీని 'దౌత్యంలో ఆరితేరిన సేనాని' అనండి. అయితే మీ పాఠంలో ఒక జాగ్రత్త అవసరం. 1757 జనవరి 24న బొబ్బిలిలో ఆ నేర్పు పనిచేయలేదు. బొబ్బిలి ప్రభువు రంగారావుకు బొబ్బిలికి బదులు వేరే చోట భూములిస్తామన్న ప్రతిపాదన పారలేదు; అతని ప్రత్యర్థి, విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫిరంగులు మోగాయి. కోటలోనివారు తమ ఆడవారినీ పిల్లలనూ తామే చంపుకుని పోరాడి నేలకొరిగారు. ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ రాసినదాని ప్రకారం, అంతా ముగిశాక ఒక ముసలివాడు రంగారావు కొడుకైన పసివాణ్ణి చేయి పట్టుకుని తెచ్చి 'లా' అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. బుస్సీ ఆ పిల్లవాడికి కావలి పెట్టి, తండ్రికి ఇవ్వజూపిన భూములకే అతణ్ణి ప్రభువుగా గుర్తించాడు. జానపద కథ నిందను ఎక్కువగా బుస్సీ దివాను హైదర్‌జంగ్ మీద వేస్తుంది. ఫ్రెంచివారికీ దర్బారుకూ మధ్య నడిచిన వ్యవహారమంతా అతని చేతి మీదుగానే సాగింది గనుక ఆ నింద ఊరికే పుట్టలేదు గానీ, సేన బుస్సీది, ఆజ్ఞ బుస్సీది. ఆ మాట మీ పాఠంలో దాచవద్దు.

1758లో ఫ్రెంచి సేనాధిపతి లాలీ పిలుపు మీద దక్షిణానికి వెళ్ళిపోయిన బుస్సీ, 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువారికి చిక్కాడు. స్వదేశానికి పోయి, 1783లో ముసలితనంలో మళ్ళీ సేనాధిపతిగా పరంగిపేటలో దిగాడు. 1785 జనవరిలో పుదుచ్చేరిలో చనిపోయాడు.

చివరిగా 'పరాసులు'. వీరు ఫ్రెంచివారే. 'ఫ్రాంసే' అన్నది పారశీ, ఉర్దూల్లో ఫరాసీసు కాగా, మనవారి నోట ఫరాసు, పరాసు అయింది. మచిలీపట్నంలో పరాసుపేట ఫ్రెంచివారిది, వలందపాలెం హాలెండువారిది, ఇంగ్లీషుపాలెం పేరులోనే ఉంది ఎవరిదో. పర్షియావారికి 'పారసీకులు' అనే మాట వేరుగా ఉంది. మీ పాఠంలో 'ఫ్రెంచివారు' అని రాసి, పాత పద్యమో పాటో ఉదహరించినచోట 'పరాసులు' అన్న రూపాన్ని మార్చకుండా ఉంచి, కింద ఒక్క ముక్కలో అర్థం ఇవ్వండి.