హోమం పిడకలు చేసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈసారి పిల్లల భోగి దండలతోపాటు గుడిలో హోమానికీ పిడకలు నువ్వే చేసి ఇస్తానన్నావట. మంచిది. కొని తెచ్చిన పిడకలతో పురోహితులు కళ్లు తుడుచుకుంటూ మంత్రాలు చదవడం చాలాసార్లు చూశాను.

పచ్చి పేడలో నూటికి 80 పాళ్ల దాకా నీళ్లే. అది సరిగ్గా ఆరకపోతే నిప్పు వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మండాల్సిన వాయువులు మండకుండానే పొగై లేస్తాయి. అందుకే వేలు మందానికి మించనివ్వకు. భోగి పిడకకు చిల్లు పెట్టేది దండ గుచ్చడానికే అయినా దానిలోంచి గాలి కూడా ఆడుతుంది. హోమం పిడకకూ పెట్టు, ఎవరూ తప్పు పట్టరు.

తెల్లవారి వేసిన పేడ మాత్రమే ఎత్తు. మట్టి కలిసింది ఎరువు గుంతలో వెయ్యి. నలిపిన ఎండుగడ్డి గుప్పెడు కలిపితే పిడక గుల్లగా ఆరుతుంది. మిల్లులో ఊరికే వస్తుందని ఊక కలపమంటారు, వినకు. ఊక కాలితే దాదాపు ఐదో వంతు బూడిదే మిగులుతుంది.

మన డెల్టాలో అసలు కష్టం ఎండబెట్టడమే. కార్తికం దాకా వానలు వదలవు, ఆ తర్వాత మంచు. వానలు వెనకపట్టగానే మొదలుపెట్టు. నేల మీద తడితే అడుగున ఇసుక అంటుతుంది, తాటాకు చాప మీద తట్టు. చాపను వదిలి ఊడివస్తున్నప్పుడు తిరగెయ్యి, గట్టిపడ్డాక రెండేసి ఆనించి నిలబెట్టు. పొద్దు వాలకముందే చూరు కిందికి చేర్చకపోతే పగటి ఎండంతా రాత్రి మంచు పాలే. ఒకటి విరిచి చూడు: ఫట్టున విరగాలి, లోపల నల్లటి చార కనిపించకూడదు. కనిపిస్తే ఇంకా ఎండాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టావో, బూజు పడుతుంది. గోనెసంచిలో పోసి అటకెక్కించు.

అడుగున ఎండు కొబ్బరి పీచు వేసి, పిడకల మధ్య సందులు వదిలి పేర్చమని చెప్పు. మంట నిలిచాకే నెయ్యి. కిరోసిన్ చుక్క కూడా వద్దు.

పిడకల పొగ గాలిని శుద్ధి చేస్తుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు. నువ్వు ఆ మాట చెప్పకు. ఎంత ఆరినా పొగ పొగే. లోపల హోమమైతే కిటికీలు తెరిపించు, ఉబ్బసం ఉన్నవాళ్లను వాకిట్లో కూర్చోబెట్టు. భోగి మంటలో టైర్లు వేసేవాళ్ల గురించి రాయను, రాస్తే నాకు రక్తపోటు.

గుడికి పంపే ముందు పెరట్లో నాలుగు వెలిగించి చూసుకో. మీ అత్తగారి దగ్గర పాత చాపలుంటాయి, అడిగి తీసుకో. కొత్తవి కొనకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ