ప్రాజెక్టు మేనేజర్‌కు మనుషులను నడిపించే నేర్పు కోర్సుల్లో వస్తుందా?

సైట్ ఇంజినీరుగా పనిచేసి ప్రాజెక్టు మేనేజర్‌గా పదోన్నతి పొందిన మీరు, మనుషులను నడిపించే నేర్పు కోసం ఏదైనా కోర్సులో చేరమంటారా అని అడిగారు. చేరండి, నష్టమేమీ లేదు. అయితే ఉద్యోగ జీవితమంతా భవన నిర్మాణంలోనే గడిపిన నా దృష్టిలో, చెడ్డ కబురు మీ చెవిన ఎంత త్వరగా పడుతుందన్న దాన్ని బట్టే ఆ నేర్పును కొలవాలి.

హైదరాబాదు శివార్లలో ఒక అపార్ట్‌మెంటు నిర్మాణంలో నేను క్వాలిటీ ఇంజినీరుగా ఉన్నప్పుడు, మా ప్రాజెక్టు మేనేజర్ కూలీలు పనిలోకి దిగే వేళకే వచ్చి, సెంట్రింగ్ (స్లాబ్‌కు చెక్కల అచ్చు కట్టే పని), రాడ్ బెండింగ్ (ఇనుప కడ్డీలు వంచే పని) ముఠాల మధ్య తిరిగి, మేస్త్రీలను పేరుపేరునా పలకరించిన తరువాతే ఆఫీసు గదిలోకి వెళ్లేవారు. గ్రౌండ్ ఫ్లోర్ పైన స్లాబ్ వేసే రోజు, కాంక్రీటును పైకి చేరవేసే బూమ్ పంపు అమర్చి, మొదటి మిక్సర్ లారీలు గేటు దాటిన సమయంలో, శ్రీకాకుళం నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ ఆయన పక్కకు చేరి, "సార్, ర్యాంపు వైపు మూల నాకు నమ్మకంగా లేదు. రాత్రి వాన నీళ్లన్నీ అక్కడే ఇంకాయి" అని మెల్లగా చెప్పాడు. అది పునాది గోతులు పూడ్చిన మట్టి. అచ్చును మోసే నిలువు ఊతలైన ప్రాప్‌ల అడుగు పలకలు కొన్ని అందులోకి దిగబడి, ప్రాప్ తలకూ పైనున్న చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు ఏర్పడింది. మేనేజర్ వంగి ఒక్కొక్క ప్రాప్‌నూ చేత్తో కదిపి చూశారు. ఆ మూలలోవి బరువే పడనట్టు వదులుగా ఊగాయి.

రెడీమిక్స్ కాంక్రీటును ప్లాంటులో లోడు చేసిన రెండు గంటల్లోపు లారీ నుంచి దించాలన్నది సాధారణ ప్రమాణం. సగం పోసి ఆపితే స్లాబ్‌లో కోల్డ్ జాయింటు, అంటే ముందు పోసిన కాంక్రీటూ తరువాత పోసిందీ సరిగ్గా అతుక్కోని చోటు, మిగులుతుంది. ఆయన వెంటనే ప్లాంటుకు ఫోన్ చేసి మిగతా లారీలను ఆపించి, వచ్చిన కాంక్రీటును ప్రహరీ పక్కన డ్రెయిన్ బెడ్డుకు మళ్లించి, యజమానికి తామే ఫోన్ చేసి "పని ఆపింది నేనండి" అని చెప్పారు. మేస్త్రీ పేరు ఆ మాటల్లో రానివ్వలేదు. మెత్తబడిన మట్టి తీయించి, కంకర పోసి దిమ్మిస కొట్టించి, ప్రాప్‌ల కింద మందపాటి చెక్క దిమ్మెలు వేయించిన తరువాతే స్లాబ్ పోశాం.

మేస్త్రీకి నోరు విప్పే ధైర్యం ఆ ఒక్క రోజులో రాలేదు. శనివారం కూలి బట్వాడా ఆగిన ప్రతిసారీ ఈ మేనేజర్ కాంట్రాక్టరును కూర్చోబెట్టి, కనీసం వారం ఖర్చులకైనా డబ్బు ఇప్పించేవారు. కాంట్రాక్టరు కూలి చెల్లించకపోతే ఆ బాధ్యత ప్రధాన యజమానిదేనని, అంటే కాంట్రాక్టరుతో పని చేయించుకునే సంస్థదేనని, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ నిబంధన ఉన్నా, "అది సబ్ కాంట్రాక్టరు సంగతి" అని చేతులు దులుపుకునే మేనేజర్లే ఎక్కువ. కూలి అందని మనిషి మన స్లాబ్ గురించి ఎందుకు ఆలోచించాలి?

నన్ను అంతకంటే ఎక్కువగా బాధించేవి సైట్ వాట్సాప్ గ్రూపులు. తెల్లవారేసరికి ఫొటోల మీద ఎర్ర గీతలు గీసి, పదిమంది ముందు కుర్ర ఇంజినీర్లను నిలదీసే పెద్దలు, దాన్నే నాయకత్వం అనుకుంటున్నారు. చెక్కలు విప్పినప్పుడు బయటపడిన హనీకోంబ్‌ను (కాంక్రీటులో మిగిలిన గుల్లలను) ఎవరూ చూడకముందే సిమెంటు పాలు పూసి కప్పేసే అలవాటు కచ్చితంగా ఇలాంటి చోటే పుడుతుంది. కంకర తేలి కనిపించే గుల్లను మరమ్మతు చేయవచ్చు, పూత కింద దాక్కున్నదాన్ని ఎవరు వెతుకుతారు?

కాబట్టి కోర్సు ఫీజు కట్టే ముందు అకౌంట్స్ విభాగానికి వెళ్లి, మీ సైట్‌లో ఏ మేస్త్రీ బిల్లు ఎన్నాళ్లుగా ఆగిందో కనుక్కోండి. చేసిన పని కొలతల్లో తేడా లేనివి ఈ వారమే పాస్ చేయించండి. తేడా ఉన్నచోట మేస్త్రీని వెంటబెట్టుకుని, టేపు ఒక కొస ఆయన చేతికిచ్చి, ఆయన ఎదుటే మళ్లీ కొలవండి.