మొదటి ఆర్‌01: స్టడీ సెక్షన్‌ని మనమే వెతుక్కోవాలి

ఎన్‌ఐహెచ్‌కి (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థకి) మొదటి ఆర్‌01 (పరిశోధన గ్రాంట్ అప్లికేషన్) వేస్తున్నాను, అది ఏ స్టడీ సెక్షన్‌కి (అప్లికేషన్‌ని రివ్యూ చేసే నిపుణుల ప్యానెల్‌కి) వెళ్లాలో మన చేతిలో ఏమైనా ఉంటుందా అని అడిగారు. చాలానే ఉంటుంది. అది తెలియక నాకు ఒక ఏడాది పోయింది.

నాది కిడ్నీ ఫైబ్రోసిస్ మీద పని, కాకపోతే కంప్యూటర్ మోడలింగ్‌తో చేస్తాను. టైటిల్ నిండా, అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యాల నిండా మోడలింగే రాశాను. ఏ ప్యానెల్‌కి పంపాలో మనం కోరే అసైన్‌మెంట్ రిక్వెస్ట్ ఫారమ్ తప్పనిసరి కాదు కదా అని వదిలేశాను. అప్లికేషన్ మోడలింగ్ వాళ్ల ప్యానెల్‌కి వెళ్లి ‘నాట్ డిస్కస్డ్’ అని, అంటే ప్యానెల్ మీటింగ్‌లో చర్చకే రాకుండా, తిరిగొచ్చింది. మోడల్‌లో కొత్తేముందని ముగ్గురు రివ్యూయర్లూ అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. కొత్తదంతా కిడ్నీ వైపు ఉంది, ఆ ప్యానెల్‌లో కిడ్నీ తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు.

రెండోసారి స్పెసిఫిక్ ఎయిమ్స్ (పరిశోధన లక్ష్యాల) పేజీ మొత్తం ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల డేటాబేస్ అయిన రిపోర్టర్‌లోని మ్యాచ్‌మేకర్‌లో పేస్ట్ చేశాను. మన పనికి దగ్గరగా ఉండి ఇప్పటికే గ్రాంట్ వచ్చిన ప్రాజెక్టులను, వాటిని ఏయే ప్యానెళ్లు చూశాయో అది చూపిస్తుంది. ఎన్‌ఐహెచ్‌లో రివ్యూలు చూసుకునే సీఎస్‌ఆర్ విభాగం వాళ్ల ఆర్ట్ టూల్‌లోనూ (సరిపోయే ప్యానెళ్లను సూచించే టూల్) వేసి చూశాను. రెండింట్లోనూ మూడు ప్యానెళ్ల పేర్లు వచ్చాయి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, దయచేసి ఆపకండి. ప్యానెళ్ల రోస్టర్లు (సభ్యుల జాబితాలు) ఎవరైనా చూడొచ్చు. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్క పేరూ పబ్‌మెడ్‌లో కొట్టి చూశాను. నేను నా పేపర్లలో సైట్ చేసేవాళ్లు ఒక రోస్టర్‌లో నలుగురు కనిపించారు. ఇంక అనుమానం లేకపోయింది. (వాళ్లకి మాత్రం మెయిల్ పెట్టకండి. రివ్యూయర్లతో అప్లికేషన్ గురించి మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం.)

రాయాల్సింది ఆ ప్యానెల్ ఎస్‌ఆర్‌ఓకి, అంటే దాని రివ్యూని నడిపే ఎన్‌ఐహెచ్ అధికారికి. ఎయిమ్స్ పేజీ జతచేసి నాలుగు వాక్యాలు రాశాను. మూడు రోజుల్లో ఫోన్‌లో మాట్లాడారు. మాకు సరిపోతుంది, కానీ టైటిల్ చూస్తే ఇది కిడ్నీ పనని తెలియట్లేదు అన్నారు. ఆ ఒక్క మాటతో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ తిరగరాశాను. ఫారమ్‌లో ప్యానెల్ పేరు, ఎలాంటి నైపుణ్యం ఉన్నవాళ్లు చదవాలో రాశాను. ఫలానావాళ్లే రివ్యూ చేయాలని పేర్లు ఇవ్వకూడదు, అది గుర్తుంచుకోండి.

ఈసారి చర్చకు వచ్చింది, స్కోరు 28. పది నుంచి తొంభై దాకా ఉండే ఆ లెక్కలో ఎంత తక్కువైతే అంత మంచిది.

మీది అక్టోబరు 5 గడువు అన్నారు. ఎస్‌ఆర్‌ఓకి ఆగస్టులోనే రాయండి, టైటిల్ మార్చుకోవడానికి అప్పుడైతే వ్యవధి ఉంటుంది.