డిస్‌ప్లేని పారేసే ముందు ఒక్కసారి వైర్లు చూడు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ బీరు తయారీ కంట్రోలర్ (వేడి చూసి హీటర్‌ని నడిపే పెట్టె) డిస్‌ప్లేకి నువ్వు తీసి పంపిన ఫొటో చూశాను. నీలం తెర వెలుగుతోంది, ఒకటో వరుసా మూడో వరుసా నిండా తెల్లటి డబ్బాలు ఉన్నాయి, అక్షరం మాత్రం ఒక్కటీ లేదు. "డిస్‌ప్లే పోయింది పెదనాన్నా, ఇంకోటి తెప్పిస్తాను" అని రాశావు. తెప్పించకు. అది పోలేదు. ఇంట్లో బీరు తయారీ మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇలాగే రెండు డిస్‌ప్లేలు పారేశాను. వెనకాల ఉన్న చిన్న స్క్రూ తిప్పితే అవి పనిచేసేవని తర్వాత తెలిసింది. ఆ బాధతోనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

20 అక్షరాలు, 4 వరుసల ఎల్‌సీడీకి కరెంటు అంది, కంట్రోలర్ నుంచి మొదటి ఆదేశాలు అందకపోతే సరిగ్గా నీ ఫొటోలో ఉన్నట్టే డబ్బాలు కనిపిస్తాయి. అంటే పవర్ బాగుంది, కాంట్రాస్ట్ బాగుంది, కబురే చేరలేదు. ఒకవేళ వెనక లైటు వెలిగి, డబ్బాలు గానీ అక్షరాలు గానీ ఏవీ లేకపోతే అది కాంట్రాస్ట్ తేడా. నా రెండు డిస్‌ప్లేలదీ అదే జబ్బు. వెనక బోర్డు మీద నీలం రంగు ప్రీసెట్ ఉంటుంది, దాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పాలి.

నీ కేసులో చూడాల్సింది ఆ నాలుగు వైర్లు. పవర్, గ్రౌండ్ పోగా మిగిలిన ఎస్‌డీఏ (డేటా వైరు), ఎస్‌సీఎల్ (క్లాక్ వైరు) రెండూ తారుమారయ్యాయేమో ముందు చూడు. తారుమారైనా ఏదీ కాలిపోదు, పనిచేయదంతే. తర్వాత అడ్రస్, అంటే కంట్రోలర్ ఆ బోర్డుని పిలిచే నంబరు. వెనక బోర్డు మీద ఉన్న చిప్ పేరు పీసీఎఫ్8574 అయితే అడ్రస్ మామూలుగా హెక్స్‌లో (16 అంకెల లెక్కలో) 27, చివర 'ఏ' అనే అక్షరం కూడా ఉంటే 3ఎఫ్. ఒకేలా కనిపించే రెండు బోర్డులకు రెండు అడ్రస్‌లు ఉండడం మామూలే. ఐటూసీ (ఈ రెండు వైర్ల మీద కబుర్లు పంపే పద్ధతి) స్కానర్ ప్రోగ్రామ్ ఒకసారి నడిపితే ఏ అడ్రస్‌లో ఏముందో అదే చెబుతుంది. స్కానర్‌కి దొరికి, సెట్టింగుల్లో అడ్రస్ కూడా సరిపోయి, అయినా అక్షరాలు రాకపోతే లైబ్రరీని (డిస్‌ప్లేని నడిపే రెడీమేడ్ కోడ్‌ని) అనుమానించు. అన్ని బోర్డుల్లోనూ చిప్ కాళ్లు ఎల్‌సీడీకి ఒకే వరుసలో కలిపి ఉండవు.

స్కానర్‌కి ఏమీ దొరకలేదనుకో. మల్టీమీటర్ తీసుకుని గ్రౌండ్‌కీ ఎస్‌డీఏకీ మధ్య, గ్రౌండ్‌కీ ఎస్‌సీఎల్‌కీ మధ్య వోల్టేజీ చూడు. పని లేనప్పుడు ఆ రెండు లైన్లూ సప్లై వోల్టేజీకి దగ్గరగా పైన ఉండాలి. సున్నా చూపిస్తే పుల్‌అప్ రెసిస్టర్ (లైనును సప్లై వైపు పైకి లాగి ఉంచేది) లేనట్టు, లేదా ఎక్కడో షార్ట్ అయినట్టు.

ఇక్కడో హెచ్చరిక. నీ కంట్రోలర్‌లో ఈఎస్‌పీ32 చిప్ గానీ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు గానీ ఉంటే దాని పిన్నులు 3.3 వోల్టులవి. ఎల్‌సీడీ వెనక బోర్డేమో 5 వోల్టులతో నడుస్తూ, తన పుల్‌అప్‌ల ద్వారా రెండు లైన్లనూ అదే 5 వోల్టులకు లాగుతుంది. "నాకు బాగానే పనిచేస్తోందే" అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఎన్నాళ్లు పనిచేస్తుందో వాళ్లకీ తెలియదు. మధ్యలో లెవెల్ షిఫ్టర్ (5 వోల్టుల సిగ్నల్‌నీ 3.3 వోల్టుల సిగ్నల్‌నీ కలిపే చిన్న బోర్డు) పెట్టు. డిస్‌ప్లేకి వేరే అడాప్టర్‌తో పవర్ ఇస్తే రెండింటి గ్రౌండ్లూ కలపడం మాత్రం మరిచిపోకు.

కెటిల్ (మరిగించే పాత్ర) దగ్గర ఒక డిస్‌ప్లే, ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర) గదిలో ఒకటి పెడతానన్నావు కదా. ఐటూసీ అనేది ఒకే పెట్టెలో పక్కపక్కన ఉండే చిప్‌ల కోసం పుట్టింది. లైను మీద మొత్తం కెపాసిటెన్స్ (వైర్లు ఛార్జ్ దాచుకునే గుణం) 400 పీకోఫారడ్‌లు దాటకూడదని దాని నియమం. వైరు పొడుగయ్యేకొద్దీ అది పెరిగి సిగ్నల్ అంచులు మొద్దుబారతాయి. రెండు మీటర్ల దాకా నేను లాగాను, ఆ తర్వాత నాకు నమ్మకం లేదు. లాగాల్సి వస్తే ఎస్‌డీఏని గ్రౌండ్‌తోనూ, ఎస్‌సీఎల్‌ని పవర్ వైరుతోనూ మెలిపెట్టు. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రెండింటినీ కలిపి మెలిపెడితే ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూరుతుంది. నన్నడిగితే కంట్రోలర్‌నే నీ కంటికి కనిపించే చోట బిగించి, సెన్సర్ వైరు పొడిగించడం మేలు. డీఎస్18బీ20 లాంటి ఉష్ణోగ్రత సెన్సర్ పొడుగు వైరును చాలా నయంగా తట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. టేబుల్ మీద అంతా చక్కగా పనిచేస్తుంది. బిగించి, నీళ్లు పోసి, హీటర్ ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉండగా తెర మీద పిచ్చి గీతలు. నాకిది సరిగ్గా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) వేసే సమయంలో జరిగింది. ఎంత టెన్షన్ పడ్డానో! కారణం కాంటాక్టర్, అంటే హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే పెద్ద విద్యుత్ స్విచ్. దాని కాయిల్ ఆఫ్ అయినప్పుడు పుట్టే స్పైక్ (క్షణంపాటు ఎగిసే వోల్టేజీ) పక్కనున్న సన్న వైర్లలోకి దూకుతుంది. ఈ ఎల్‌సీడీ ఒక్కో అక్షరాన్ని రెండు సగాలుగా అందుకుంటుంది. మధ్యలో ఒక్క పల్స్ తప్పినా, దొంగ పల్స్ ఒకటి చేరినా, అక్కడినుంచి ఒక అక్షరం రెండో సగాన్ని తర్వాతి అక్షరం మొదటి సగంతో కలిపి చదువుకుంటూ పోతుంది. రీసెట్ చేసేదాకా తనంతట తాను సర్దుకోదు.

తప్పు అక్కడే ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. ప్లగ్ పీకి, కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్లే వైరు ఊడదీసి, దాని కొనకు టేపు చుట్టి, కంట్రోలర్‌ని మామూలుగా నడిపి చూడు. గీతలు రాకపోతే దొంగ దొరికినట్టే. ఏసీ కాయిల్ అయితే దానికి అడ్డంగా స్నబ్బర్ (స్పైక్‌ని మింగే చిన్న సర్క్యూట్) పెట్టు. 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం (మెయిన్స్‌కి పనికొచ్చే) కెపాసిటర్ సిరీస్‌లో ఉంటే చాలు. డీసీ కాయిల్ అయితే ఒక డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. డిస్‌ప్లే దగ్గర పవర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి. మెయిన్స్ వైర్లు పెట్టెలో ఒక పక్క, సిగ్నల్ వైర్లు ఇంకో పక్క. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించు, పక్కపక్కన పరుగెత్తించకు. పది సెకన్లకోసారి డిస్‌ప్లేని మళ్లీ ఇనిషియలైజ్ చేసే కోడ్ కూడా రాస్తారు కొందరు. అది పుండు మీద పట్టీ. అవసరానికి నేనూ వేశాను, కాదనను.

దూరం నుంచి కనిపించే ఎర్ర అంకెల డిస్‌ప్లే పెట్టాలనుకుంటే మ్యాక్స్7219 చిప్ ఉన్నవి బాగుంటాయి. ఇవి ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలుస్తాయి, డేటా ఎప్పుడూ డీఇన్ (డేటా లోపలికి వెళ్లే పిన్ను) వైపు నుంచే వెళ్లాలి. ఇవీ నాయిస్‌కి (స్పైక్‌ల లాంటి దొంగ సిగ్నల్‌కి) లొంగుతాయి. ఉన్నట్టుండి అన్ని గీతలూ పూర్తి కాంతితో వెలిగాయంటే చిప్ టెస్ట్ మోడ్‌లోకి పోయిందని. 5 వోల్టుల సప్లై మీద దీనికి సిగ్నల్ కనీసం 3.5 వోల్టులు ఉండాలి. అందుకే 3.3 వోల్టుల కంట్రోలర్‌తో ఒకరోజు పనిచేసి ఒకరోజు అలుగుతుంది.

తెర మీద 85 డిగ్రీలని గానీ, మైనస్ 127 అని గానీ కనిపిస్తే డిస్‌ప్లేని తిట్టకు, అది తనకు అందింది చూపిస్తోందంతే. డీఎస్18బీ20 పవర్ రాగానే, ఇంకా ఏమీ కొలవకముందు, చెప్పే అంకె 85. సెన్సర్ వైరు ఊడితే లైబ్రరీ ఇచ్చే అంకె మైనస్ 127. మాష్ (వేడి నీళ్లలో నానే మాల్ట్) 66 డిగ్రీల దగ్గర నిలపాల్సినప్పుడు 85 నమ్మి కంగారుగా చన్నీళ్లు పోసేవు! మామూలు థర్మామీటర్ ఒకటి పక్కన ఉంచుకో.

ఆవిరి తగలని చోట బిగించు, వైరు గ్లాండ్‌లు (వైరు దూరే చోట నీరు చొరబడకుండా బిగించేవి) పెట్టె అడుగునుంచి పెట్టు. తడి నేల, మెయిన్స్ కరెంటు కలిసే చోటు కాబట్టి లైన్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా హీటర్ ఆన్ చేయకు. మూత తీసే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకు.

ఇవాళ రాత్రికి డిస్‌ప్లేని పెట్టెలోంచి తీసి, టేబుల్ మీద జానెడు వైర్లతో కంట్రోలర్‌కి కలిపి స్కానర్ నడుపు. ఏమొచ్చిందో రాయి. ఈసారి వెనక వైపు ఫొటో పంపు, చిప్ మీద అక్షరాలు కనిపించేలా.

మీ పెదనాన్న