కొత్త మోటార్ ఎక్కబోయే అల్లుడికి

అల్లుడూ,

లక్నవరంలో పడవ డ్యూటీ దొరికిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఈఎఫ్ఐ మోటార్ అంట, అంటే కార్బ్యురేటర్ లేకుండా లెక్కగా పెట్రోల్ చిమ్మేది, లోపల కంప్యూటర్ ఉందంట, ముట్టుకోవాలంటేనే టెన్షన్ అంటున్నావట. ఆ కంప్యూటర్‌తో నీకు పెద్దగా పని పడదు. పని పడేదంతా పెట్రోల్‌తో, బ్యాటరీతో.

ఏటూరునాగారం దగ్గర గోదాట్లో పాత టూ-స్ట్రోక్ నడిపిన చేయి నీది. చోక్ లాగడం, చెవితో విని కార్బ్యురేటర్ స్క్రూ తిప్పడం ఇక మర్చిపో. ఇంజన్ ఎంత వేడెక్కింది, గాలి ఎంత వస్తోంది, క్రాంక్ ఎక్కడుంది అని సెన్సర్లు చెబుతుంటే, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో ఈసీయూ, అంటే ఆ కంప్యూటరే, లెక్క కడుతుంది. నీది ఫోర్-స్ట్రోక్ కాబట్టి అలవాటు కొద్దీ పెట్రోల్‌లో ఆయిల్ పోసేవు, జాగ్రత్త.

ఒక ఏడు వానాకాలమంతా సగం ట్యాంకు పెట్రోల్ అట్లాగే వదిలేశాను. దసరా సెలవుల్లో మొదటి ట్రిప్పు. పడవ నిండా పిల్లలు. వేలాడే వంతెన దాటామో లేదో మోటార్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇంకో పడవకు కట్టి లాక్కొచ్చారు. మెకానిక్ వచ్చి ఈసీయూ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఫిల్టర్ విప్పి, అందులోది గాజు సీసాలో పోసి ఎండకు పట్టి చూశా. పైన పెట్రోల్, అడుగున వేలెడు మందం ఇంకో పొర. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కదా, అది తేమను లాగుతుంది. తేమ మరీ ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చి, కొత్త పెట్రోల్ పోశా. ఈసీయూ ఇప్పటికీ అదే.

సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోవడం లేదంటే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడు. వోల్టేజ్ పడిపోతే స్టార్టర్ తిరిగినా ఈసీయూ మేలుకోదు. మోటార్ నడుస్తుండగా బ్యాటరీ మెయిన్ స్విచ్ మాత్రం ఆపకు, ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. పడవకు వెల్డింగ్ పెట్టిస్తే బ్యాటరీ వైర్లు ముందే తీసేయి.

పొద్దున స్టార్ట్ చేసే ముందు పెట్రోల్ పైపు మధ్యలోని రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కు. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజన్ వైపు చూడాలి. మొదటిసారి నేను తిరగేసి బిగించి, పెట్రోల్ ఎందుకు రావట్లేదో తెలియక మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఈ సంగతి మీ అత్తకు చెప్పకు.

మీ మామ